ఆరు బోల్టుల పక్షమున

గడచిన శుక్రవారము ఉదయము శాన్‌హోజేలో మా యింటికి రెండు వీధుల దూరమున ఎర్రదీపము కనబడగా, అలవాటు చొప్పున పెడళ్ళను కాళ్ళతో వెనుకకు బిగబట్టితిని. వెనుకచక్రము నెమ్మదింపవలసినది నెమ్మదింపలేదు. కాళ్ళు మాత్రము పావు చుట్టు మేర ఆధారము లేని చోటికి జారిపోయినవి. ముందుచక్రమునకు బ్రేకు ఉన్నది గనుక ప్రమాదము తప్పినది. ఇంటికి వచ్చి చక్రము విప్పి చూతును గదా, పానతో గాని కదలరాని లాకు రింగు వ్రేళ్ళకే ఊడి వచ్చినది. దాని వెనుక పళ్ళచక్రము, పళ్ళచక్రముతో పాటు హబ్బు మరలనుండి ఊడిన అల్యూమినియపు తునక యొకటి, వెండితీగవలె మెరయుచు, చుట్టలు చుట్టుకొని నా వ్రేలికి అంటుకొని వచ్చినది. ఆ తీగను పారవేయ మనసొప్పక అగ్గిపెట్టెలో దాచితిని. నాటినుండి నాకీ మరల మీద పట్టరాని కోపముగా నున్నది.

ఫ్రీవీలు లేని సైకిలు తొక్కినవారికి దాని రుచి వేరుగా చెప్పనక్కరలేదు. చక్రము తిరిగినంతసేపు కాళ్ళు తిరుగవలసినదే. కాలు ఆపిన చక్రము ఆగును, వెనుకకు త్రొక్కిన సైకిలు వెనుకకే నడచును. 1893లో హెన్రీ దెగ్రాంజ్ గంటకాలములో 35.325 కిలోమీటర్లు నడిపి రికార్డు నెలకొల్పినది ఇట్టి వాహనము మీదనే. పిమ్మట టూర్ ద ఫ్రాన్స్‌కు అధిపతియైన ఆ మహాశయుడు గేర్లు మార్చు యంత్రమును తన పందెములోనికి సుదీర్ఘకాలము రానీయలేదు. 1937లో గాని అనుమతి దొరకలేదు. దానికి ఆయనను మొండివాడని నిందించువారు పెక్కురు గలరు గాని, కాలికిని నేలకును నడుమ మరియొకరి జోక్యము కూడదని ఆయన పట్టిన పట్టులో న్యాయమున్నదని నేటికిని నా విశ్వాసము.

ఇక మర సంగతి. మర యనునది స్వభావముచేత ఒక్క దిక్కునకు మాత్రమే నమ్మకమైనది. ముందుకు త్రొక్కుచున్నంతసేపు పళ్ళచక్రము హబ్బు మీద తానై బిగియుచుండును. వెనుకకు పట్టిన క్షణమున విడివడజూచును. దీనికి పూర్వులు కనిపెట్టిన ఉపాయమేమనగా, 1.37 అంగుళముల వ్యాసమున అంగుళమునకు 24 చుట్ల వంతున కుడిమరతో చక్రమును బిగించి, దానికి వెలుపల 1.29 అంగుళముల ఎడమమరతో లాకు రింగును కాపలా పెట్టుట: చక్రము విడివడజూచిన, ఆ త్రిప్పుటచేతనే రింగు మరింత బిగిసి దానిని నిలుపునట్లు. ఈ యుక్తిని కనిపెట్టిన బుద్ధికి నేను నమస్కరింతును. కాని ఇదంతయు పళ్ళచక్రము మొదటనే ప్రాణము పెట్టి బిగించియున్ననే చెల్లును. చుట్టుకును చుట్టుకును నడుమ దూరము ఒక్క మిల్లీమీటరునకు కొంచె మెక్కువ; చక్రము ఉక్కుది, హబ్బు మెత్తని అల్యూమినియముది; రవంత వదులున్నచో, ప్రతి దీపస్తంభము కడను, ప్రతి మలుపున, ఆ ఉక్కు ఆ మెత్తదనమును సుత్తివలె కొట్టుచునే యుండును. ఒక దినమున మర మాయమగును. మరతో హబ్బు పోవును, హబ్బుతో దానికి అల్లిన ముప్పదిరెండు పుల్లల చక్రము పోవును.

నా పళ్ళచక్రమును బిగించినవారు దుకాణమువారు. పేరు చెప్పను. చేతితో రెండు చుట్లు త్రిప్పి, గొలుసు పానతో ఒక్కమారు అదిమి, ‘అయినది’ అని ఇచ్చినారు. నేనక్కడనే నిలుచుండి చూచితిని. ఆ అదుముటలో భుజబలము లేదని నా కంటికి తెలిసినది. అయినను పరాయివాని పనిలో చేయి పెట్టుట మర్యాద గాదని ఊరకుంటిని. ఆ ఊరకుండుటయే నన్నిప్పుడు బాధించుచున్నది. చక్రము పోయిన పిమ్మట తీసికొని వెళ్ళి చూపగా, ఇట్టివి జరుగుచుండునని చెప్పి, క్రొత్త హబ్బునకు ధర వ్రాసి ఇచ్చినారు. జరుగుచుండునట! బిగించవలసినది బిగించినచో ఏల జరుగును? ముప్పదిరెండు పుల్లలను నేను స్వయముగా అల్లితిని. రెండు ఆదివారములు పట్టినది. ఒక్కొక్క పుల్లను మీటి, స్వరము విని, సరిచేసికొంటిని. ఆ ధర చీటీలో ఆ రెండు ఆదివారములకు లెక్క లేదు.

కావున నేనిపుడు ఆరు బోల్టుల పక్షమున చేరితిని. డిస్కు బ్రేకు బిళ్ళను బిగించుటకై హబ్బు ప్రక్కన 44 మిల్లీమీటర్ల వృత్తము మీద ఆరు రంధ్రములుండును గదా, ఆ రంధ్రములకే పళ్ళచక్రమును అయిదు మిల్లీమీటర్ల బోల్టులతో బిగించు పద్ధతి యిది. ఇంగ్లండునందలి వెలోసోలో వంటివారు ఇట్టి చక్రములను అమ్ముచున్నారు. డెబ్బది కిలోల మనిషి 170 మిల్లీమీటర్ల క్రాంకు మీద తన బరువంతయు మోపినను, ముందు 48, వెనుక 16 పళ్ళున్నచో, హబ్బునకు చేరు త్రిప్పుడు బలము సుమారు 40 న్యూటన్ మీటర్లు. ఆరుగురు పంచుకొన్న ఒక్కొక్క బోల్టు పాలికి వచ్చునది ముప్పది కిలోల బరువు పాటి. వేగముగా దిగుచున్న బండిని నిలుపు బ్రేకు వేడిని, లాగుడును ఓర్చుటకు పుట్టిన రంధ్రములకు ఇది యొక భారము కాదు. ముందుకైనను వెనుకకైనను బోల్టుల పట్టు ఒక్కటే. నక్షత్రపు మొనగల చిన్న తాళము చాలును. ఎదురెదురు బోల్టులను వరుసగా బిగించుకొనుచు పోయిన, పావుగంటలో పదునారు పళ్ళు తీసి పదునెనిమిది పెట్టవచ్చును. ఒక బోల్టు మర చెడినను తక్కిన అయిదును ఇల్లు చేర్చును.

లోపములు లేవని కాదు. బిళ్ళ రంధ్రములు ఎడమ ప్రక్కన నుండును గనుక సాధారణపు హబ్బునైనచో చక్రమును త్రిప్పి పెట్టవలెను. గొలుసు వరుస కూడ ట్రాకు సైకిలుకు వాడుక యైన 42 మిల్లీమీటర్లకు దాదాపు పది మిల్లీమీటర్లు వెలికి జరుగును. ముందు పళ్ళెమును దానికి తగినట్లు జరుపవలసియుండును. పదమూడు పళ్ళ చక్రము మీద గొలుసు నడచు వృత్తము 53 మిల్లీమీటర్లే గనుక, బోల్టుల తలలకు అక్కడ చోటు చాలదు. అందుచేత పందెములవారు దీనిని కోరరు. 1948లో కొకురాలో మొదలైన జపానుదేశపు కైరిన్ పందెములవారు నేటికిని మరచక్రమునే వాడుదురు. మా హెల్యర్ పార్కులోని 335 మీటర్ల వెలోడ్రోమునందును అదియే వాడుక. అది వారికి తగును. అక్కడ ఎర్రదీపములు లేవు. నా వాదము వీధిలో తొక్కువారి కొరకు.

ఫ్రీవీలు లేని సైకిలు (ఫిక్స్‌డ్ గేరు) శాస్త్రమును లోకమునకు ఓపికతో బోధించిన షెల్డన్ బ్రౌన్ 2008లో గతించినాడు. మాసచూసెట్సులో ఆయన పనిచేసిన దుకాణమునకు ఒకమారైనను పోలేకపోతినను చింత నాకు మిగిలినది. చేతి పని చూచుటలో నాకు మొదటినుండి ఒక ఆశ. తెనాలిలో మా వీధి చివర గంటకు పావలా అద్దెకు సైకిళ్ళిచ్చు సాయిబుగారి షాపు ఉండెడిది. బడి వదలగానే అక్కడ కూర్చుండెడివాడను. ఆయన ఫ్రీవీలు విప్పి, ఆవగింజలకన్న కొంచెము పెద్దవైన గోళీలను కిరసనాయిలు పోసిన సాసరులో విడిచి, ‘బాబూ, లెక్కపెట్టు’ అనెడివారు. బోల్టు నెపుడును పానతో మొదలుపెట్టెడివారు కారు. బొటనవ్రేలితో, చూపుడువ్రేలితో మూడు చుట్లు త్రిప్పి, కన్నులు మూసికొని ఒక క్షణమాగి, వెనుకకు అర చుట్టు తీసి మరల త్రిప్పి, అపుడు గాని పాన కొరకు చేయి చాచెడివారు కారు. ఆ షాపులోని సైకిళ్ళకు మడ్‌గార్డు మీద తెల్లరంగుతో అంకెలుండెడివి. ఏడవ నంబరుది నాది. నా కాళ్ళు అందవని శనివారము సాయంకాలము దాని సీటును తామే దింపి గోడకు ఆనించి ఉంచెడివారు. ఎవరు వచ్చి అడిగినను, ‘అది బాకీ యున్నది’ అని మరియొకటి చూపెడివారు.