పలకని లైనరు

మా అయ్య డప్పు కట్టేవాడు. నేను ఇంజన్లు కడతాను. సబ్బవరంలో రోడ్డు వారన రేకుల షెడ్డు నాది. గాజువాక ఆటోనగర్లో డీజిల్లో సామాన్లు కడుగుతూ, తిట్లు తింటూ నేర్చుకున్న పని.

1999లో పక్క ఊరి రైతొకాయన నీళ్ళు తోడే డీజిలింజను తెచ్చాడు. లైనరు, పిస్టను, రింగులు తనే కొనుక్కొచ్చాడు. డబ్బా మీద పెద్ద కంపెనీ పేరే, ఒక్క అక్షరం తేడా. 1992లో జాతికి అంకితమైన ఉక్కు ఫ్యాక్టరీ మా పక్కనే ఉంది. దాని ఇనుము ఎక్కడికి పోతుందో గానీ, మా వరకూ వచ్చేది ఈ అక్షరం తేడా సరుకే.

షెడ్డుకొచ్చిన మొదటి పెద్ద పని. ఆత్రంలో కొలవకుండా బిగించేశాను. పది రోజులకి ఇంజను సీజైపోయింది.

"తోలు పని సేసుకునీ నాకొడుకులకి ఇంజన్లేటిరా?" అన్నాడాయన, నలుగురి ముందూ. డబ్బా మీద పేరు ఎవరూ చదవలేదు. నా కులమే చదివారు.

విప్పి చూశాను. రింగు కొసల మధ్య సందు చాల్లేదు. వేడికి ఇనుము సాగుతుంది. సందు లేకపోతే కొసలు రెండూ ఢీకొని రింగు గోడని గీరేస్తుంది. ముందే రింగుని బోరులో దింపి, పిస్టను తలతో సమంగా నెట్టి, ఫీలరు గేజి పెట్టి చూస్తే దొరికిపోయేది. పై రింగుకి బోరు అంగుళానికి నాలుగు థౌ చొప్పున సందుండాలని మేస్త్రీల లెక్క. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అయిదు నిమిషాల పని. ఆయన తిట్టిన తిట్టు అన్యాయం. నేను కొలవకపోవడం తప్పు. రెండూ నిజమే.

అప్పు చేసి ఇంకో సెట్టు తెచ్చాను. అదీ తక్కువ ధరదే. షెడ్డు ముందు కూచున్న అయ్య లైనరు తీసి, వేలికి వేలాడదీసి, చిన్న స్పానరుతో తట్టాడు.

"ఇది పలకతల్లేదురా. ఎక్కడో బీటిచ్చీసింది."

"నీకెలా తెలుసయ్యా?"

"కుండ కొన్నప్పుడు మీయమ్మ కొట్టి సూడదేటి?"

కంటికి ఏమీ కనపడలేదు. కిరసనాయిలు పూసి, కాసేపాగి తుడిచి, సుద్ద రాశాను. సుద్ద మీద తడి గీత తేలింది, వెంట్రుకంత.

మంట దగ్గర డప్పు కాచి, వేళ్ళతో తట్టి బిగువు కనిపెట్టిన చెవి అది. ఊరు ఆ చెవిని చావుకి పిలిచింది, జాతరకి పిలిచింది. చదువని మాత్రం ఎన్నడూ అనలేదు. బళ్ళో ఆ డప్పుకి సిగ్గుపడిన నేనూ అనలేదు.

తక్కువ ధర సరుకంతా చెడ్డది కాదు. ఆటో తోలుకు బతికే మా పేట కుర్రాళ్ళకి కంపెనీ సరుకు కొనే తాహతెక్కడిది? అందుకే కొలుస్తాను. లైనరు పైన, మధ్యన, కింద, రెండేసి వైపులా. పిస్టను పిన్నుకి అడ్డంగా, కింది అంచు దగ్గర. కొత్త పిస్టన్ని పాతదాంతో తూకమేస్తాను. కొలతలన్నీ కాగితం మీద రాసి, బండి తెచ్చినవాడికి చదివి వినిపించి సంతకం తీసుకుంటాను. కుదరని సరుకు కొట్టుకే తిప్పి పంపుతాను. రేపు ఇంజను చెడితే ఆ కాగితం చదవమంటాను, నా కులం కాదు.

అయ్య పోయాడు. డప్పు షెడ్డులో మేకుకి వేలాడుతోంది. పని నేర్చుకోడానికొచ్చిన కుర్రాళ్ళకి గేజి ఇచ్చే ముందు లైనరిచ్చి, "తట్టి విను" అంటాను.