సముద్రం పక్కన మూడు రాత్రులు

సావనీరుకి ఏదైనా రాయమని సంపాదకవర్గం మిత్రులు వెంటబడితే, “వరినాట్లు తప్ప నాకేం తెలుసురా” అన్నాను. “పోయిన వేసవిలో ఆస్ట్రేలియా వెళ్ళొచ్చావుగా, అది రాయి” అన్నారు. వెళ్ళిన మాట నిజమే. టికెట్టు అన్నయ్య పంపాడు. ఆ అన్నయ్యని పై చదువుకి మెల్‌బోర్న్ పంపడానికి ఐదేళ్ళ క్రితం నాన్న కాలువ కింది ఎకరం అమ్మారు. ఆ సంగతి చెప్పకపోతే యీ యాత్ర సగమే చెప్పినట్టవుతుంది.

మే నెలాఖరు. ఇక్కడ రోహిణి ఎండలకి రోళ్ళు పగులుతుంటే అక్కడ చలికాలం దిగుతోంది. కారు డిక్కీలో గుడారం, గ్యాసు పొయ్యి, బియ్యం, కందిపొడి వేసుకుని బయల్దేరాం. అక్కడా మనలాగే రోడ్డుకి ఎడమవైపునే నడుపుతారు. తేడా అల్లా హారన్ మోగకపోవడమే.

మేం వెళ్ళిన దారి పేరు గ్రేట్ ఓషన్ రోడ్. టార్కే నుంచి ఆలన్స్‌ఫర్డ్ దాకా 243 కిలోమీటర్లు. చాలాదూరం ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సుమారు 3,000 మంది సైనికులు, పోయిన తోటివాళ్ళ జ్ఞాపకంగా, 1919 నుంచి 1932 దాకా పలుగూ పారలతో యీ దారి తొలిచారు. దారిమీద స్మారక తోరణం, దాని పక్కన ఆ పనివాళ్ళ విగ్రహాలు వున్నాయి. అందరూ తోరణం కింద ఫొటోలు దిగుతుంటే నేను విగ్రహాల దగ్గరే వుండిపోయాను. మట్టిపని చేసే మనిషి నాకు కొత్త కాదు మరి!

మొదటి రాత్రి అపోలో బే దగ్గర గుడారం వేస్తుంటే గాలి లాగేసింది. అన్నయ్య మేకులు కొడతాడు, తాళ్ళు జారిపోతాయి. చివరికి నేను గేదెని కట్టే పలుపు ముడి వేస్తే నిలిచింది. “ఇది నాకు నేర్పింది నువ్వే” అన్నాను. నవ్వాడు గాని, చాలాసేపు మిగిలిన తాడుముక్కతో ఆ ముడి వేస్తూ విప్పుతూ కూర్చున్నాడు.

మర్నాడు ఆట్వే అడవిలో కోలాల్ని చూశాం. అవి ఎక్కి పడుకునేవి మన జామాయిల్ జాతి చెట్లే. రోజులో ఎక్కువభాగం నిద్రేనట. మా హాస్టల్ మిత్రులు కొందరు గుర్తొచ్చారు (పేర్లు రాయను).

రెండో రాత్రి మబ్బు విడింది. మా దివిసీమలో వేసవి రాత్రుళ్ళు దక్షిణాన తాటితోపు మీద అంటీ అంటనట్టు కనిపించే త్రిశంకు చుక్కలు అక్కడ దాదాపు నడినెత్తికి వచ్చాయి. మెడదాకా కప్పుకుని చూస్తుంటే అన్నయ్య వున్నట్టుండి అడిగాడు: “నాన్న ఇంకా ఆ ఎకరం వైపు వెళ్తున్నాడా?”

లేదని చెప్పొచ్చు. అమ్మ అలాగే చెప్పమంది. నోరు రాలేదు. “రోజూ పొద్దున్నే వెళ్తాడు. పరాయివాళ్ళ గట్టయినా గడ్డి పీకి వస్తాడు” అన్నాను. అన్నయ్య మాట్లాడలేదు. నిద్రపోయాడనుకున్నాను, పోలేదు.

మూడోనాడు ‘పన్నెండుమంది అపొస్తలులు’ అనే సున్నపురాతి స్తంభాల దగ్గరికి చేరాం. పేరుకే పన్నెండు. వున్న తొమ్మిదిలో ఒకటి 2005 జూలైలో కూలిపోయింది. క్లాసులో కాల్షియం కార్బొనేట్ అని రాసుకున్నదే ఇక్కడ తాటిచెట్లని మించిన ఎత్తున నిలబడి అరుగుతోంది. అలలు రాతిని తొలిస్తే గుహ; గుహ రెండువైపులా తెరుచుకుంటే తోరణం; తోరణం కూలితే స్తంభం. మా నేల కృష్ణమ్మ ఒండ్రు తెచ్చి పోస్తే తయారైంది. ఇక్కడ సముద్రం తినుకుంటూ పోతోంది.

ఇంకాస్త ముందుకు పోతే లండన్ ఆర్చ్. ఒకప్పుడు రెండు తోరణాల వంతెనలా వుండేదట. 1990 జనవరిలో ఒడ్డువైపు తోరణం కూలి, ఇద్దరు యాత్రికులు అవతలి ముక్కమీద చిక్కుకుపోతే హెలికాప్టర్లో తీసుకొచ్చారు. నేనిది చెబితే అన్నయ్య కదలకుండా అటే చూస్తూ నిలబడ్డాడు. చలిగాలికి నా చెవులు మొద్దుబారాయి. కారెక్కేటప్పుడు అన్నాడు: “వాళ్ళు ఇస్తానంటే ఆ ఎకరం నేను కొంటాను. నాన్నతో చెప్పు.”

“నువ్వే చెప్పరాదూ?”

“ఫోన్లో నావల్ల కాదురా.”

మూడో రాత్రి వాన. గుడారంలో కందిపొడి అన్నం తిని, ఇద్దరం వూరి సంగతులే మాట్లాడుకున్నాం.

ఇంటికొచ్చాక చెప్పాను. నాన్న కొట్టంలో గేదెకి గడ్డి వేస్తున్నారు. “ఇప్పుడా రేటు వాడి తరమా?” అన్నారు. కాసేపాగి, “అక్కడ నేల ఎట్టా వుంది?” అని అడిగారు.

“నేను చూసినచోట సున్నపురాయి నాన్నా.”

“అయితే మనకి పనికిరాదు” అని పార భుజాన వేసుకుని కాలువ వైపు వెళ్ళారు. అన్నయ్యకి ఏమని చెప్పాలో నాకింకా తెలియలేదు.