ఏ స్క్రూ కొనాలి?

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. వేసవి సెలవుల నుంచి ప్రతి ఆదివారం మా ఇంట్లో ఒకటే చర్చ: ఏ స్క్రూ కొనాలి?

మా నాన్నగారు వడ్రంగి. దేవుడి గది తలుపుల మీద లతలు, తామరలు చెక్కడంలో మా వైపు ఆయనకు మంచి పేరు. రెండేళ్లుగా చేతులు వణుకుతున్నాయి. సన్నటి నగిషీ ఇప్పటికీ చేస్తారు గానీ, సుత్తితో కొట్టి లోతుగా తీసే మొదటి పని చేయలేకపోతున్నారు. వచ్చిన ఆర్డర్లు వెనక్కి పంపేస్తున్నారు. అది చూసి మా అమ్మాయి, "తాతయ్యా, మొదటి కోత మెషీన్‌తో చేద్దాం. మిగతాది నువ్వు చెయ్యి" అంది. అలా సీఎన్‌సీ రూటర్ ఇంట్లోనే తయారు చేయాలనుకున్నాం.

రూటర్ అంటే చెక్కను తొలిచే మెషీన్. కంప్యూటర్ చెప్పినట్టు దాన్ని ముందుకీ, పక్కకీ, కిందికీ కదిపేవి మూడు మోటార్లు. మోటారు గుండ్రంగా తిరుగుతుంది; ఆ తిరుగుడును తిన్నటి కదలికగా మార్చేది పొడవాటి మరల కడ్డీ. అదే లీడ్ స్క్రూ. కోత ఎంత బాగా వస్తుందన్నది చాలావరకు దాని మీదే ఆధారపడుతుంది.

మొదట హార్డ్‌వేర్ షాపులో దొరికే ఎం8 కడ్డీ చూశాం. అన్నిటికన్నా చవక. కానీ ఒక చుట్టుకు 1.25 మి.మీ. మాత్రమే జరుగుతుంది. మోటారు నిమిషానికి 600 చుట్లు తిరిగినా 750 మి.మీ. కన్నా ముందుకు పోదు. అంత నెమ్మదిగా వెళ్తే కటర్ చెక్కను కోయడం మాని రుద్దుతుంది, చెక్క మాడుతుంది. "మాడిందంతా గీకేది నేనేగా!" అన్నారు నాన్నగారు.

తర్వాత త్రీడీ ప్రింటర్లలో వాడే టీ8. దాంట్లో నాలుగు మరలు కలిసి నడుస్తాయి కాబట్టి చుట్టుకు 8 మి.మీ.; అదే 600 చుట్లకు 4,800 మి.మీ. వేగానికి లోటు లేదు. కానీ మందం 8 మి.మీ. మాత్రమే. పొడవాటి సన్నటి కడ్డీ వేగంగా తిరిగితే తాడాటలో తాడులా ఊగుతుంది. పొడవు రెట్టింపయితే ఊగకుండా తిరిగే వేగం నాలుగో వంతుకు పడిపోతుందని మా అమ్మాయి లెక్క వేసి చూపింది.

మూడోది 1605 బాల్ స్క్రూ. 16 మి.మీ. మందం, చుట్టుకు 5 మి.మీ. నట్టులో ఉక్కు గుళ్లు దొర్లుతాయి కాబట్టి రాపిడి, లూజు రెండూ తక్కువ. మోటారు 200 అడుగులకు ఒక చుట్టు తిరుగుతుంది; అంటే ఒక్కో అడుగుకు 0.025 మి.మీ. తరగతిలో చెప్పిన నిష్పత్తి లెక్కే ఇది. చిక్కల్లా ధరతోనే. నేను పెట్టిన హద్దు 30,000 రూపాయలు, అదీ టర్మ్ ఫీజు కట్టాల్సిన నెలలో. మూడు వైపులా బాల్ స్క్రూలంటే అది దాటిపోతుంది.

అప్పుడు నాన్నగారు మూడు ప్రశ్నలు వేశారు.

"పని మధ్యలో కరెంటు పోతే?" బాల్ స్క్రూ తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి కరెంటు పోగానే రూటర్ తన బరువుకే కిందికి జారి చెక్కలో దిగొచ్చు. అందుకని పైకీ కిందికీ కదిలే వైపు చుట్టుకు 2 మి.మీ. జరిగే ఒకే మర స్క్రూ పెట్టాం. దాని రాపిడే బరువును ఆపుతుంది. ధరా తక్కువే.

"నా తలుపు పలకలు అడుగున్నరే కదా, ఇంత మెషీన్ ఎందుకు?" 900 మి.మీ. అనుకున్నది 600కి తగ్గింది. కడ్డీ ఊగే భయమూ తగ్గింది, ఖర్చూ తగ్గింది.

"రంపపు పొట్టు పడితే?" గుళ్లలో పొట్టు చేరకుండా స్క్రూల మీద మూత పెట్టాం.

ఇంకా ఖరీదైన, సాన పట్టిన స్క్రూలు కూడా ఉన్నాయి. మామూలు సీ7 రకంలో 300 మి.మీ. పొడవుకు 0.05 మి.మీ. తేడా ఉండొచ్చు. అది చాలదేమోనని మా అమ్మాయి సందేహం. "వానాకాలంలో పలక అంతకన్నా ఎక్కువ ఉబ్బుతుందమ్మా" అని తాతయ్య తేల్చేశారు. చివరికి రాణిగంజ్ వెళ్లి సీ7 రకం రెండు, ఒకే మరది ఒకటి కొన్నాం. హద్దు దాటలేదు.

ఆదివారం ఒక్కరోజే ఈ పని అన్నది మా ఇంటి షరతు. చదువు పాడవుతుందని బంధువులు అన్నారు. నాకు కనిపించింది వేరు. ఏది గొప్పది అని అడిగే పిల్ల, ఇప్పుడు ఏ పనికి ఏది సరిపోతుంది అని అడుగుతోంది. మీ పిల్లలు ఏదైనా తయారు చేస్తామంటే, కొనే ముందు ఇంట్లో పెద్దవాళ్లను కూడా ఒకసారి అడగమనండి.

పోయిన నెల నాన్నగారు ఒక ఆర్డర్ ఒప్పుకున్నారు. తామరల లోతు మెషీన్ తీసింది. రేకులు మాత్రం ఆయన ఉలితోనే దిద్దారు.