చేతికందిన ఆకాశం

జయపురం వెళ్లినవారంతా హవామహలు చూస్తారు. అంబరు కోట ఎక్కుతారు. రాజభవనం పక్కనే ఉన్న జంతర్ మంతర్‌లో మాత్రం పావుగంటకు మించి నిలిచేవారు తక్కువ. ఈ మెట్లలో, గోడలలో చూడవలసిందేముందని కాబోలు! చూపులేని పిల్లలకు అక్కడ ఖగోళపాఠం చెబుతూండగా నేను విన్నాను.

సవాయి జయసింహ మహారాజు 1734 నాటికి ఈ వేధశాలను కట్టించాడు. ఇత్తడి యంత్రాలు అరిగి, కదిలి లెక్క తప్పుతున్నవని, రాతితోనూ సున్నంతోనూ కొండంత యంత్రాలు లేపాడు. అందులో పెద్దదైన సమ్రాట్ యంత్రం ఎత్తు 27 మీటర్లు. దాని నీడ నిమిషానికి 6 సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది.

ఆ చలిపొద్దున పదిమంది పిల్లలూ, వారి మేష్టారూ అనుమతి తీసుకుని చిన్న సమ్రాట్ యంత్రం దగ్గర చేరారు. మేష్టారు ముందుగా పిల్లల చేతులు వాలుగోడకు ఆనించి, "ఈ వాలు ఎటు పోతుందో అటే ధ్రువనక్షత్రం. పగలయినా రాత్రయినా అక్కడే ఉంటుంది" అన్నారు హిందీలో. ఆ వాలు 27 డిగ్రీలు. అదే జయపురపు అక్షాంశం. మన హైదరాబాదులో కడితే 17 డిగ్రీలు చాలు.

తరువాత అందరి అరచేతులూ నీడలో, చల్లని రాతి మీద పెట్టించారు. "కదపకండి!" అన్నారు. పది నిమిషాలు ఎవరూ కదలలేదు. ఎండ మొదట చిటికెనవేలికి తగిలింది. మెల్లగా ఉంగరపు వేలికీ, మధ్యవేలికీ పాకింది.

"సూర్యుడు నడుస్తున్నాడు!" అని అరిచాడొక కుర్రవాడు.

"నడిచేది సూర్యుడు కాదురా, నువ్వు కూర్చున్న భూమి!"

పన్నెండేళ్ల పిల్ల ఒకతె మాత్రం చెయ్యి తీయలేదు. ఇదివరకు చదివిన బడిలో ఆకాశం పాఠం వచ్చినప్పుడల్లా "నీకెందుకమ్మా" అని ఆమెను పక్కన కూర్చోబెట్టేవారట. "ఇప్పుడు నాకూ తెలిసింది కదా! పరీక్షలో రాయనా?" అని అడిగింది.

"తప్పకుండా రాయి" అన్నారు మేష్టారు. ఆయన గొంతు కొంచెం వణికింది.

ఆలోచించండి. భూమి తిరగడం మనలో మాత్రం ఎవరు కళ్లతో చూశాం? పుస్తకంలో చదివి నమ్మాం. ఆ పిల్ల చేతితో తెలుసుకుంది. 2002లో అమెరికాలో నోరీన్ గ్రైస్ అనే ఆమె, హబుల్ దూరదర్శిని తీసిన చిత్రాలను వేళ్లతో తడిమి చదివే పుస్తకంగా తెచ్చింది. అటువంటి పుస్తకం దొరకని చోట కూడా ఒక వాలుగోడా, ఒక నీడా, కాస్త ఓపికా ఉంటే పాఠం మొదలు పెట్టవచ్చు. మన ఊళ్లలో ఎండకేం కొదవ? ఆకాశం పాఠం వచ్చినప్పుడు ఏ బిడ్డనూ పక్కన కూర్చోబెట్టవలసిన పని లేదు.