మొద్దుబారిందా, మురికి పట్టిందా?



ఈ వారం రంపం బ్లేడ్ల గురించి రాస్తున్నాను. మన సంఘాల్లో కర్రపని చేసేవాళ్లు తక్కువేం కాదు. సూర్యాపేట వైపు దర్వాజలు, తలుపులు చేసేవాళ్లున్నారు. కోదాడలో ఫర్నిచర్ షాపులకు మంచాలు చేసిచ్చేవాళ్లున్నారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో డ్యూటీ దిగి, సాయంత్రం పెరట్లో రేకుల కింద నాలుగు స్టూళ్లు చేసుకునేవాళ్లూ ఉన్నారు. నేను వడ్రంగి ఇంట్లో పుట్టినవాణ్ణి. సేవకు వచ్చాక కూడా మందిరంలో బల్లలు, ప్రసంగ వేదిక నేనే చేసుకున్నాను. అందుకని ఈ నాలుగు మాటలు చెప్పే చనువు తీసుకుంటున్నాను.

పని చేసే తమ్ముళ్ల దగ్గరికి వెళ్తే తరచూ వినబడే మాట ఒకటుంది: "అయ్యగారూ, బ్లేడు పోయింది." చేతిలోకి తీసుకుని చూస్తే ఎక్కువసార్లు అది పోయి ఉండదు. పళ్ల పక్కన గోధుమరంగులో, ఒక్కోచోట నల్లగా, గట్టి పొర కట్టి ఉంటుంది. అది కర్రలోని జిగురు. కోసేటప్పుడు వేడికి కరిగి బ్లేడుకు అంటుకుని, చల్లారాక లక్కలా బిగుసుకుంటుంది. దాని మీద పొట్టు పడుతుంది, మళ్లీ జిగురు పడుతుంది. పచ్చి వేప కోసినా, సరిగ్గా ఆరని మామిడి కోసినా ఇదే వరస. ప్లైవుడ్ అయితే పొరల మధ్య ఉండే గమ్ము తోడవుతుంది.

రంపం పన్ను కొన బ్లేడు రేకు కంటే కొంచెం వెడల్పుగా ఉంటుంది. కోత వెడల్పుగా పడితేనే వెనకాల వచ్చే రేకు కర్రకు రాసుకోకుండా తిరుగుతుంది. జిగురు ఆ సందునే మూసేస్తుంది. అప్పుడు పన్ను కోస్తున్నా పక్కభాగం రాసుకుంటుంది. రాపిడికి వేడి పుడుతుంది, వేడికి ఇంకాస్త జిగురు కరుగుతుంది. కర్ర అంచు మాడి నల్లగా వస్తుంది, మోటారు మూలుగుతుంది. మనం ఏం చేస్తాం? ఇంకా గట్టిగా నెడతాం. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

నిజంగా మొద్దుబారే సంగతి వేరు. టేకు సంగతే చూడండి. చేతికి మెత్తగా, నూనె రాసినట్టు ఉంటుంది గానీ దాని లోపల సిలికా ఉంటుంది, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. అది పళ్ల అంచును అరగదీస్తుంది. ఇది మిర్యాలగూడ వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. వడ్ల ఊకలో ఉండేదీ సిలికానే. ఊక చేతికి ఎంత తేలికైనా మిల్లులో రబ్బరు రోలర్లు ఎట్లా అరిగిపోతాయో రోజూ చూస్తూనే ఉన్నారు.

మరి మొద్దా, మురికా తెలిసేదెట్లా? కడిగితే తెలుస్తుంది. కడగకుండా తీర్పు చెప్పడం కుదరదు.

కోదాడ దగ్గర ఒక పల్లెలో మన సహోదరుడు ఒకరున్నారు. పేరు రాయను. ఇంటి పక్కన షెడ్డు వేసుకుని, ఒక టేబుల్ రంపం పెట్టుకుని పని చేసుకుంటాడు. ఒక గృహప్రవేశానికి తలుపులు ఒప్పుకుని, అడ్వాన్సు తీసుకున్నాడు. ఆ డబ్బు కర్రకే అయిపోయింది. ఇంకా నాలుగు రోజులే గడువు ఉందనగా బ్లేడు మొరాయించింది. బలంగా నెట్టాడు. కర్ర బ్లేడుకు పట్టుకుని వెనక్కి తన్నింది. వచ్చి కడుపులో తగిలింది. దేవుని కృప వల్ల కమిలిపోవడంతో ఆగింది, ఒక జానెడు పైకి తగిలితే ఏమయ్యేదో. వాళ్లావిడ ఫోన్ చేసి, "అయ్యగారూ, ఈ మిషను మాకు అచ్చిరాలేదు, అమ్మేద్దామంటే ఈయన వినట్లేదు, వచ్చి ప్రార్థన చేయండి" అంది.

వెళ్లాను, ప్రార్థన చేశాను. తరవాత "అమ్మా, ఒక వెడల్పాటి టబ్బు, బట్టల సోడా, పాత టూత్‌బ్రష్షు ఇవ్వు" అన్నాను. ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

ముందు ప్లగ్గు పీకించాను. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు బయటికి వచ్చి కంటికి కనబడాలి. పళ్లకు అడ్డంగా ఒక చెక్కముక్క పెట్టి నట్టు విప్పాము. చాలా మిషన్లలో బ్లేడు ఎటు తిరుగుతుందో నట్టు అటే విప్పుకుంటుంది. అది తెలియక రెండో వైపు బలం పెట్టి ఇంకా బిగించేసేవాళ్లున్నారు. బ్లేడును టబ్బులో పడుకోబెట్టి, అది మునిగేంత గోరువెచ్చని నీళ్లు పోసి, గుప్పెడు సోడా కలిపి, పావుగంట వదిలేశాము. ఆలోగా ఆమె టీ పెట్టింది. తరవాత బ్రష్షుతో ఒక్కో పన్నూ తోముతుంటే నీళ్లు టీ డికాషన్ కంటే నల్లగా దిగాయి.

అతను జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి గీకబోయాడు. ఆపాను. ఇప్పుడు మనం వాడే టీసీటీ బ్లేళ్లకు పళ్ల కొసన అతికించి ఉండేది టంగ్‌స్టన్ కార్బైడ్. అది చాలా గట్టిది, అంత పెళుసుది కూడా. ఇనుముతో పొడిస్తే పెచ్చు లేస్తుంది. పొర మరీ మొండిదైతే ఇత్తడి తీగల బ్రష్షు వాడొచ్చు. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం దగ్గరికి రానీయకండి. కార్బైడ్ రేణువులను కలిపి పట్టుకుని ఉంచేది కోబాల్ట్ అనే లోహం, యాసిడ్ దాన్ని తినేస్తుంది, రేకునూ తింటుంది. కిరోసిన్‌తో తుడిచే పాత అలవాటు ఉంది, పని చేస్తుంది కూడా. కానీ పొట్టు నిండిన షెడ్డులో, బీడీ కాల్చేవాళ్లు తిరిగే చోట, ఆ గుడ్డలు పడేసి పోవడం నాకు నచ్చదు.

కడిగాక మంచినీళ్లతో ఒకసారి తొలిచి, పొడిగుడ్డతో తుడిచి, కాసేపు ఎండలో పెట్టాము. అప్పుడు పళ్లను వెలుతురుకు తిప్పి చూశాము. పదునున్న అంచు మీద వెలుగు నిలవదు. మొద్దుబారితే అంచు పొడవునా సన్నటి తెల్లటి గీత మెరుస్తుంది. అతని బ్లేడుకు ఆ గీత ఒకటి రెండు పళ్ల మీద తప్ప లేదు. తిరిగి బిగించి ఒక ముక్క కోశాడు. చేత్తో నెట్టాల్సిన పనే లేకుండా కర్ర సాగిపోయింది, మాడు వాసన లేదు. తలుపులు గడువుకు ముందు రోజు రాత్రి అప్పజెప్పాడు.

ఇక్కడ కాపరిగా ఒక మాట. కార్బైడ్ పన్నుకు సాన పట్టిన ప్రతిసారీ కొంత అరుగుతుంది. ఆ కొసన ఉన్నదే చిన్న ముక్క, దానికి కొన్ని సాన్లే రాసి ఉంటాయి. కడగాల్సిన బ్లేడును సానకు పంపితే దాని ఆయుష్షు మనమే తగ్గించినట్టు. మనుషుల విషయంలోనూ మా సేవకులకు ఈ తొందర ఉంది. నెల రోజులు ఆరాధనకు రాకపోతే "చల్లారిపోయాడు" అనేస్తాం, నలుగురిలో గద్దిస్తాం. ఇంటికెళ్లి కూర్చుంటే తెలుస్తుంది, అప్పుల వాళ్ల ఫోన్లు, రాత్రి డ్యూటీలు, ఇంట్లో మంచాన పడ్డ తల్లి. ఆ మనిషికి కావలసింది సాన కాదు. అయితే ఉపమానాన్ని ఎక్కువ దూరం లాగను, పళ్ల మధ్య సందులో పగులు కనబడిన బ్లేడును మాత్రం ఎంత కడిగినా పనికి రాదు, పారేయాల్సిందే. మనుషులను అట్లా పారేయమని ఎవరూ మనకు చెప్పలేదు.

మొదటి సమూయేలు పదమూడో అధ్యాయం చివర ఒక సంగతి ఉంది, మనం చదువుతూ దాటేస్తాం. ఇశ్రాయేలు దేశంలో కమ్మరి లేకుండా పోయాడు. నాగలి కర్రు మొదలు గొడ్డలి దాకా పదును కావాలంటే ఫిలిష్తీయుల దగ్గరికే దిగి వెళ్లాలి, రుసుము కట్టాలి. కత్తులు, ఈటెలు చేసుకుంటారని భయపడి శత్రువు చేసిన పని అది. నాకు అందులో ఎప్పుడూ తగిలేది యుద్ధం కంటే ఆ రైతు అవస్థ. తన పనిముట్టు తన చేతిలో లేదు. టీసీటీ బ్లేడుకు సాన పట్టాలంటే మనకూ కొంత అంతే. వజ్రపు చక్రం ఉన్న షాపుకు పోవాలి, రానూపోనూ చార్జీలు, ఒక రోజు కూలీ పోతాయి. కడగడం మాత్రం మన ఇంట్లోనే ఉంది. పైసా ఎవరికీ కట్టక్కర్లేదు.

చేతి రంపానికి ఆ బాధ కూడా లేదు. మూడు పలకల ఆకురాయి ఒకటుంటే చాలు. మా నాన్న రంపాన్ని రెండు చెక్కల మధ్య బిగించి, ఒక్కో పన్నుకు లెక్కపెట్టి రాసేవాడు. ఒకదానికి మూడు తోపులైతే అన్నిటికీ మూడే. ఒక పన్ను ఎత్తుగా మిగిలితే అదొక్కటే కర్రను పట్టుకుని రంపం ఎగురుతుంది. పళ్లు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి వంచి ఉంటాయి కదా, ఆ వంపు కూడా సమానంగా లేకపోతే కోత ఒక పక్కకు పోతుంది. పని అయ్యాక రేకు మీద కొవ్వొత్తి రాసేవాడు. వానాకాలం సాగర్ కాలవ కింద ఊళ్లలో గాలే తడిగా ఉంటుంది, రెండు రాత్రుల్లో తుప్పు చుక్కలు పడతాయి. కుట్టుమిషన్ నూనె పల్చగా రాసినా సరే. వంటనూనె వద్దు, అదే జిగురుగా మారుతుంది. మళ్లీ కోసే ముందు నూనె తుడవండి, లేకపోతే కర్ర మీద మరక పడి పాలిష్ పట్టదు.

ఇంకొకటి, ఇది కొంచెం కోపంతోనే రాస్తున్నాను. మార్బుల్ కట్టర్‌ను పలక కింద తలకిందులుగా బిగించి టేబుల్ రంపంలా వాడుతున్నారు. గ్రైండర్‌కు కర్ర బ్లేడు తొడుగుతున్నారు. బ్లేడు మీద ఎన్ని చుట్ల దాకా తిరగొచ్చో అంకె ఉంటుంది, మిషను మీదా ఉంటుంది. మిషను అంకె పెద్దదైతే ఆ బ్లేడు దానికి పనికిరాదు. గ్రైండర్‌కు కర్ర బ్లేడు ఏ అంకెతోనూ వద్దు, దాని గార్డు ఆ పనికి చేసింది కాదు. వేళ్లు పోయినవాళ్ల చేతులు పట్టుకుని ప్రార్థన చేసినవాడిగా అడుగుతున్నాను, మానేయండి.

శనివారం మధ్యాహ్నం మూడు తరవాత మందిరం వెనక షెడ్డు తెరిచే ఉంటుంది. సోడా, బ్రష్షులు, టబ్బు నా దగ్గర ఉన్నాయి. బ్లేళ్లు తెచ్చేవాళ్లు రెండు అట్టల మధ్య పెట్టి, తాడుతో కట్టి తీసుకురండి. బస్సులో వట్టి కవర్లో వేసుకుని ఒడిలో పెట్టుకోకండి, పక్కన పిల్లలు కూర్చుంటారు.