మా క్లాసు కాలకేయుడు

2015 జులై 10న బాహుబలి మొదటి భాగం రిలీజైనప్పుడు నేను నాలుగో తరగతి. సినిమా చూసొచ్చిన మర్నాటి నుంచి మా స్కూల్లో ఇంటర్వెల్ అంటే యుద్ధమే. అందరికీ ప్రభాస్ కావాలి, లేకపోతే రానా కావాలి. కాలకేయ రాజు పాత్ర మాత్రం నాకిచ్చారు. నేనేమో బక్కపీనుగని. అయినా ఎందుకిచ్చారంటే, నాలుకతో 'టక్ టక్' అని చప్పుడు చేయడం క్లాసు మొత్తంలో నాకే బాగా వచ్చేది.

ఇబ్రహీంపట్నం పిల్లలం కాబట్టి ఆ సినిమా మాదే అన్నట్టు ఫీలయ్యేవాళ్ళం. మాహిష్మతి సెట్టు వేసిన రామోజీ ఫిల్మ్ సిటీ మాకు దగ్గరే కదా. పైగా కాలకేయ రాజుగా వేసిన ప్రభాకర్ గారిది కొడంగల్ అని ఎవరో చెప్పారు. మనోడే అన్నమాట!

మాది ఇంగ్లీష్ మీడియం. క్లాసులో తెలుగు మాట్లాడితే మాటకి ఐదు రూపాయలు ఫైను. మేం కిలికి మొదలుపెట్టాక క్లాసు లీడర్‌కి పెద్ద కష్టం వచ్చిపడింది. రూల్లో 'నో తెలుగు' అని ఉంది గానీ 'నో కిలికి' అని లేదు. నిజానికి మాకు ఒక్క ముక్క కూడా రాదు, నోటికొచ్చిన కూతలు కూసేవాళ్ళం. ఇంటికొచ్చి కూడా అదే పని చేస్తుంటే మా నానమ్మ, "ఏందిరా గా కూతలు? మంచిగ మాట్లాడరాదా?" అని తిట్టేది.

అది కూత కాదు, నిజంగానే భాష అని చాలా తర్వాత తెలిసింది. దాన్ని తయారుచేసింది మదన్ కార్కి. తమిళ పాటల రచయిత, వైరముత్తు గారి అబ్బాయి. అంతకన్నా ముఖ్యంగా మన బ్రాంచే! ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేశారు. అక్కడ చదువుకుంటూ పిల్లల్ని చూసుకునే పని కూడా చేసేవారట. ఆ పిల్లలతో సరదాగా ఆడుకుంటూ ఓ వంద మాటలతో 'క్లిక్' అనే భాష అల్లారు. రాజమౌళి గారు కాలకేయులకి ఒక భాష కావాలి, వింటే భయం పుట్టాలి అన్నప్పుడు దాన్నే పెంచి కిలికి చేశారు. దాదాపు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు.

అందులో నాకు బాగా నచ్చినది ఒకటుంది. వ్యతిరేకార్థం కావాలంటే మాటని తిరగేయడమే. 'మిన్' అంటే నేను, 'నిమ్' అంటే నువ్వు. ఫస్ట్ ఇయర్లో మనం రాసిన స్ట్రింగ్ రివర్స్ ప్రోగ్రామ్ గుర్తుందా? అదే.

ఇలాంటి ఆట మనకీ కొత్త కాదు. మా మేనత్తలు పిల్లల ముందు రహస్యాలు చెప్పుకోవాలంటే 'క' భాషలోకి దిగేవాళ్ళు. ప్రతి అక్షరం ముందు ఒక 'క' చేర్చాలి. 'నేను రాను' అంటే 'కనే కను కరా కను'. వాళ్ళు ఎంత స్పీడుగా మాట్లాడేవాళ్ళంటే, నాకు దాని గుట్టు తెలియడానికి రెండు వేసవి సెలవులు పట్టాయి. తెలిశాక ఇంకో రహస్య భాష వెతుక్కున్నారు, అది వేరే సంగతి.

ఇక్కడిదాకా అంతా సరదా కథే. అసలు చెప్పాల్సింది ఇప్పుడు చెప్తాను.

ఐదో తరగతి మధ్యలో మా క్లాసుకి కొత్తగా ఒకబ్బాయి వచ్చాడు. సాగర్ రోడ్డులో ఇంకా ముందుకెళ్తే వచ్చే ఒక తండా వాడిది. ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉండి చదువుకునేవాడు. శనివారం మధ్యాహ్నం వాళ్ళమ్మ వచ్చేది, చేతిలో ఒక టిఫిన్ డబ్బాతో. ఒకసారి గేటు దగ్గర ఆమెని చూసి వాడు "యాడీ" అని అరుచుకుంటూ పరుగెత్తాడు. ఇద్దరూ వాళ్ళ భాషలో గబగబా మాట్లాడుకుంటున్నారు. నేను పక్కనే ఉన్నాను. నాలుకతో నాలుగుసార్లు టక్ టక్ అని, "అరేయ్, వీడు నిజంగానే కిలికి మాట్లాడుతున్నడురా!" అని అరిచాను.

అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి కాలకేయ అనే పేరు నా మీద నుంచి వాడి మీదకి పోయింది. నాది వేషం, బెల్లు కొట్టగానే అయిపోయేది. వాడికి బెల్లు కొట్టినా అయిపోలేదు.

తర్వాతి శనివారం వాళ్ళమ్మ వచ్చినప్పుడు వాడు పరుగెత్తలేదు. ఆమె వాళ్ళ భాషలోనే అడుగుతోంది. వాడు తల దించుకుని "యెస్", "నో", "ఓకే" అంటున్నాడు. ఆమెకి ఇంగ్లీష్ రాదు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. ఆ రోజు నేను నవ్వలేదు. కానీ సారీ కూడా చెప్పలేదు. ఆ ఏడు అయిపోయాక వాడు వేరే స్కూలుకి వెళ్ళిపోయాడు.

2020లో, లాక్‌డౌన్‌కి సరిగ్గా ముందు, కార్కి గారు కిలికికి ఒక వెబ్‌సైట్ పెట్టారు. ఫిబ్రవరి 21న, అంటే అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం రోజున. మాటలు ఎప్పుడో 3,000 దాటాయి, లిపి కూడా వచ్చింది. అక్షరాలు, అంకెలు అన్నీ కలిపి రాయడానికి 22 గుర్తులు చాలు. ఇంట్లో ఖాళీగా ఉన్న నేను ఒక మధ్యాహ్నం కూర్చుని నా పేరు కిలికిలో రాసేశాను. అప్పటికి తెలుగులో 'ఋ' రాయాలంటే నాకు ఇంకా డౌటే.

ఇక ఈ సంవత్సరం. సెకండియర్ మినీ ప్రాజెక్టుకి మా టీమ్ ఒక చిన్న ప్రోగ్రామ్ చేసింది. ఆడియో ఇస్తే ఏ భాషో చెప్పాలి. రెడీమేడ్ మోడల్ ఒకటి తీసుకున్నాం. మా టీమ్‌లో దేవరకొండ వైపు తండా నుంచి వచ్చిన అమ్మాయి ఉంది. వాళ్ళమ్మతో ఫోన్‌లో మాట్లాడి, ఆమెని అడిగే, ఆ మాటల్లో కొంత రికార్డు చేసి ఇచ్చింది. మొదటి మాటే "యాడీ". నాకు ఒక్కసారిగా ఆ స్కూలు గేటు కనిపించింది.

మోడల్ ఏమందంటే: హిందీ.

నేను బగ్ అనుకున్నాను. ఆ అమ్మాయి నవ్వి, "బగ్ కాదు, లెక్కల్లో కూడా అంతే" అంది. తర్వాత వెతికి చూస్తే నిజమే. 2011 జనాభా లెక్కల్లో లమాణి, లంబాడీ మా మాతృభాష అని చెప్పినవాళ్ళు 32 లక్షల పైనే ఉన్నారు. వాళ్ళందరినీ హిందీ కిందే చేర్చారు. ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో లంబాడీ లేదు. సొంత లిపి లేదు కాబట్టి ఇక్కడ తెలుగు అక్షరాల్లో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాసుకుంటారు. మన రాష్ట్రంలోనే ఆదిలాబాద్ వైపు దొరికిన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరిందని చదివి కొంచెం సంతోషం వేసింది.

అప్పటి నుంచి కిలికి గురించి వేరేగా ఆలోచిస్తున్నాను. కార్కి గారి పనిని తక్కువ చేయడం కాదు, ఒక్కడే కూర్చుని అంత వ్యాకరణం కట్టడం మామూలు విషయమా? కానీ సినిమాలో కాలకేయులంటే మనకి సైన్యమే కనిపిస్తుంది. వాళ్ళ ఇళ్ళు ఎక్కడ? పిల్లలు ఏమని ఏడుస్తారు? తల్లి ఏమని జోకొడుతుంది? ఆ కథకి అవి అక్కర్లేదు. మనం భయపడాలి, వాళ్ళు చావాలి, మనం చప్పట్లు కొట్టాలి. దానికి సరిపడా భాష ఇచ్చారు. కల్పిత భాష కాబట్టి ఎవరికీ నష్టం లేదు.

నేను చేసిన తప్పు సినిమాలో లేదు. నాకు అర్థం కాని భాష వినగానే, దాని వెనక కూడా ఇల్లూ తల్లీ ఉండరన్నట్టు ప్రవర్తించాను. నానమ్మ నా కూతల్ని తిట్టినట్టే, నేను ఒకడి అమ్మభాషని కూత అన్నాను. తెలుగు మాట్లాడితే నా దగ్గర ఫైను కట్టించుకున్న స్కూల్లోనే నేనూ ఇంకొకడి దగ్గర ఫైను వసూలు చేశాను. వాడు కట్టింది ఐదు రూపాయలు కాదు.

వాడు ఇప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. మనలాగే ఏదో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఉండొచ్చు. ఇది చదివే అవకాశం తక్కువే. చదివితే మాత్రం, సారీ రా. ఆలస్యమైంది.

ప్రాజెక్టు మేం సబ్మిట్ చేశాం, మార్కులు మామూలుగానే వచ్చాయి. కానీ ఒక ఎక్సెల్ షీట్ మాత్రం ఇంకా నడుస్తోంది. ఆ అమ్మాయి లంబాడీ మాటలు చెప్తుంది, నేను తెలుగు అక్షరాల్లో టైప్ చేస్తాను. నేను పలికితే తను పడీ పడీ నవ్వుతుంది, మళ్ళీ చెప్పిస్తుంది. నవ్వనీ, నాకు ఆ మాత్రం పడాలి. ఇవాల్టికి 41 మాటలయ్యాయి. మొదటి వరుసలో 'యాడి' ఉంది.