ఉషేగాంలో ఇత్తడి ఎద్దు

చార్మినార్ వెనక ఇత్తడి సామాన్ల గల్లీలో, పాత బిందెల మధ్య జానెడు ఎద్దు బొమ్మ కనిపించింది. ఒళ్లంతా దారం చుట్టినట్టు సన్నటి గీతలు. ధర అడిగితే దుకాణం పెద్దాయన దాన్ని కాటాలో పెట్టాడు. "వజన్ ఎంతుంటే అంత, భాయ్." పాతబస్తీలో పుట్టినవాణ్ణి, ఇత్తడి కిలోల లెక్కన అమ్ముతారని తెలియక కాదు. అయినా ఆ ఎద్దు నన్ను వదల్లేదు. రెండు నెలలకి నిర్మల్, ఉట్నూరు మీదుగా అలాంటి బొమ్మలు పోతపోసే జైనూరు మండలం ఉషేగాం చేరాను.

ఇక్కడి ఓజాలు గోండుల దేవుళ్లను పోతపోసేవాళ్లు. వాళ్ల డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను వెళ్లిన ఇంటి ముసలాయన ఆ మాటంటే తలూపి ఊరుకున్నాడు. చూపంతా మైనం మీదే.

మట్టిముద్ద మీద, గుగ్గిలం కలిపిన తేనెమైనాన్ని దారంలా సాగదీసి వరసగా చుట్టాలి. నా చేతిలో మూడుసార్లు తెగింది. "గట్టిగ నొక్కకు సారూ, సుతిల్ అనుకున్నవా?" అని ఇంటామె నవ్వింది. పైన మళ్లీ మట్టి పూత, ఆపైన కొలిమి. మైనం కరిగిపోయిన సందులోకి ఇత్తడి దిగుతుంది. అచ్చు పగలగొడితేగానీ బొమ్మ బయటికి రాదు. ఎద్దు మీది గీతలు చెక్కినవి కావు, ఎవరో చుట్టిన మైనమన్నమాట.

గోండుల దేవుళ్లను మహాదేవుడు కొండగుహలో బంధిస్తే, పహండి కుపార్ లింగాల్, జంగుబాయి విడిపించారని గోండుల కథాగాయకులైన ప్రధాన్లు కిక్రీ వాయిస్తూ పాడతారు. 1940లో గోండు తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం జోడేఘాట్‌లో నేలకొరిగాక, ఈ కొండలకు వచ్చిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ ఇదే మండలం మార్లవాయిలో మకాం పెట్టి ఆ కథలు రాసుకున్నాడు. 1948లో పుస్తకంగా వచ్చాయి.

మట్టి గుహ, లోపల దేవుడు, పగలగొడితే బయటికి. పోలిక దొరికిందని సంబరంగా చెప్పాను.

"మాకెన్నడు అట్లనిపియ్యలే. మట్టి మంచిగ కాలిందా లేదా, అదే మా రంది" అన్నాడు ముసలాయన.

మూలన అంగడికి పంపే ఏనుగులు మెరుగుపెట్టి ఉన్నాయి. ఆ నిగనిగ నాకు నచ్చలేదు, గీతల్ని మింగేస్తోంది. మెరుగుపెట్టని చిన్న ఎద్దొకటి తీసుకుని ఎంతన్నాను. కాటా ఎక్కడుందోనని అలవాటుగా కళ్లు వెతికాయి. ఆయన వేళ్లు మడవడం మొదలుపెట్టాడు.

"మైనానికి రెండు దినాలు. మట్టి ఆరనీకి నాలుగు. నడుమ వాన వడె, అది లెక్కలకు రాదు..."